స్టీరింగు వదిలితేనే చదువా? – అపోహలు, వాస్తవాలు

విశాఖలో లారీ తోలేవారికి కొదవ లేదు. 1933లో మొదలైన పాత రేవు, 2009లో ప్రారంభమైన గంగవరం రేవు, ఉక్కు కర్మాగారం, గాజువాక ఆటోనగర్, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్... వీటి సరుకులో కొంత భాగం లారీ ఎక్కి జాతీయ రహదారి 16 మీదికి రావాల్సిందే. ఆ లారీలు తోలేవారిలో పదో తరగతి మధ్యలో వదిలేసి క్లీనరుగా ఎక్కి, డ్రైవరుగా స్థిరపడినవారు ఉంటారు. ముప్ఫై దాటాక ఎవరికైనా మళ్లీ చదవాలనిపిస్తే చుట్టుపక్కల నుంచి సలహాలు బాగానే వస్తాయి. ముందు లారీ మానెయ్యమని ఒకరు, వాచ్‌మన్‌గా చేరమని ఇంకొకరు, బైకు మీద డెలివరీ చేసుకోమని మరొకరు. అందరూ మంచికే చెబుతారు గాని, ఈ సలహాలన్నీ ఒకే పొరపాటు లెక్క మీద నడుస్తున్నాయి. పని తేలికైతే చదువు సాగుతుందన్నదే ఆ లెక్క. నిజానికి చదువుకు అడ్డం పడేది పని బరువు కాదు, స్టీరింగూ కాదు. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలియని పనే అసలు అడ్డంకి. కొత్త పని వెతుక్కునేవారు ముందుగా చూడాల్సింది ఇదే.

అపోహ 1: లారీ సగం కాలం ఆగే ఉంటుంది, ఆ ఖాళీలో చదువుకోవచ్చు.

వాస్తవం: లారీ ఆగి ఉంటుందన్న మాట నిజమే. రేవు గేటు దగ్గర, కాటా దగ్గర, అన్‌లోడు చేసే గోదాము ముందు, రిటర్న్ లోడు కోసం ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బయట గంటలు గడిచిపోతాయి. కానీ అవి డ్రైవరు చేతిలో ఉన్న గంటలు కావు. గేటు ముందు వరసలో ఉన్న బండి కాసేపటికోసారి ఒక బండి పొడవు ముందుకు జరుగుతుంది. ఆ కాసేపూ కళ్లు ముందు బండి వెనక లైట్ల మీదే ఉండాలి. కునుకు తీస్తే వెనకవాడు సందులో దూరిపోతాడు. లెక్కల పుస్తకంలో ఒక సమస్య సగంలో ఉండగా కాగితాలు పట్టుకుని రమ్మని పిలుపు వస్తుంది. రాయ్‌పూర్‌కి ఉక్కు లోడు వేసుకుని వెళ్లినవాడు వచ్చే ఆదివారం ఎక్కడ ఉంటాడో అతనికే కాదు, ఓనరుకూ తెలియదు. చట్టం కాపాడుతుందా అంటే, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టింది, వారానికో సెలవూ రాసింది. అయితే అది అయిదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థలకే వర్తించేలా రాశారు. ఒకటో రెండో బండ్లున్న ఓనరు దగ్గర పనిచేసేవాడికి ఆ గంటల లెక్క అందలేదు. కాబట్టి లైన్ మీద తిరుగుతూ చదవలేకపోయినవాణ్ణి బద్ధకస్తుడని అనడం అన్యాయం.

అపోహ 2: చదవాలంటే డ్రైవింగు పూర్తిగా మానెయ్యాలి.

వాస్తవం: మానాల్సింది డ్రైవింగు కాదు, ఊళ్లు దాటి రోజుల తరబడి తిరిగే లైన్ బండి. చేతిలో ఉన్న ఒకే ఒక్క నైపుణ్యాన్ని పక్కన పడేసి, అనుభవం లేని పనిలో అందరికన్నా తక్కువ జీతానికి చేరడం తెలివైన బేరం కాదు. పగటి పూట నడిచి రాత్రికి ఇంటికి చేర్చే డ్రైవింగు పనులు ఈ ఊళ్లోనే ఉన్నాయి. బడి బస్సునే తీసుకోండి. బడి బస్సు డ్రైవరుకు భారీ వాహనాలు నడిపిన అనుభవం కనీసం అయిదేళ్లు ఉండాలని 1997లో దిల్లీ రవాణాకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత బడి బస్సుల భద్రతకు అదే కొలమానమైంది. అంటే లారీ మీద గడిచిన ఏళ్లు ఇక్కడ అర్హత కింద లెక్కకొస్తాయి. ఉదయం ఆరున్నరకు కూర్మన్నపాలెంలోనో మధురవాడలోనో మొదటి స్టాపు మొదలైతే, తొమ్మిదింటికల్లా బస్సు బడి ఆవరణలో ఉంటుంది. మళ్లీ మధ్యాహ్నం మూడు దాటేదాకా స్టీరింగు పట్టక్కర్లేదు. ఆదివారం సెలవు. ఆ మధ్యవేళలో కొన్నిచోట్ల డ్రైవరుకు వేరే పనులు అప్పగిస్తారు గనుక, చేరేముందే ఆ మాట తేల్చుకోవాలి. లైసెన్సులో ప్రయాణికుల వాహనానికి కావలసిన అనుమతి ఉందో లేదో రవాణా శాఖ కార్యాలయంలో చూసుకోవాలి. బస్సు కుదరకపోతే కంటైనర్ యార్డుల లోపల తిరిగే ట్రెయిలర్లు, కంపెనీల స్టాఫ్ బస్సులు ఉన్నాయి. వాటికి షిఫ్టుంది, షిఫ్టుకు ముగింపుంది. ఏ పనిలో చేరినా లైసెన్సును మాత్రం చావనివ్వకూడదు. 2019 చట్ట సవరణ తర్వాత రవాణా వాహనాల లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ డ్రైవింగు పరీక్షకు నిలబడాలి.

అపోహ 3: వాచ్‌మన్, డెలివరీ పనులు చదువుకునేవారికి అనువైనవి.

వాస్తవం: ఈ రెండింటిలో ఒకటి తీరికగా కనిపిస్తుంది, ఇంకొకటి స్వేచ్ఛగా కనిపిస్తుంది. కాపలా పని సాధారణంగా పన్నెండు గంటల డ్యూటీ. రాత్రి డ్యూటీ చేసి పగలు చదవవచ్చంటారు గాని, రాత్రంతా మేలుకున్న మనిషి పగలు పడుకోవాలి. నిద్రను చదువు గంటల్లో కలిపితే లెక్క తప్పుతుంది. పైగా ఆ పని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం మాత్రమే కాదు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో వచ్చిన చట్టం గార్డుకు శిక్షణ తప్పనిసరి చేసింది. డ్యూటీలో పుస్తకం తెరిచినవాణ్ణి సూపర్‌వైజరు మెచ్చుకోడు. ఇక డెలివరీ పనిలో నచ్చినప్పుడు యాప్ తెరవవచ్చు, నచ్చనప్పుడు మూసేయవచ్చు. అయితే ఆర్డర్లు వచ్చేది భోజనాల వేళకు, సాయంత్రాలకు, వారాంతాలకు. అదనపు డబ్బు కూడా ఆ గంటలకే ముడిపడి ఉంటుంది. ఆదివారం క్లాసుకు పోయేవాడు బేరం బాగా ఉన్న రోజునే వదులుకోవాలి. గంటలు మనమే ఎంచుకుంటున్నట్టు కనిపించినా, ఏ గంటకు డబ్బొస్తుందో నిర్ణయించేది మనం కాదు. ఈ పనులు చేసి చదివినవారు ఉండరని కాదు. చదువుకు అనువైనవన్న పేరు మాత్రం వీటికి ఊరికే వచ్చింది.

అపోహ 4: ఓపెన్ స్కూల్లో చదివే పదో తరగతి, అంటే ఓపెన్ పది, చెల్లదు. అయినా డ్రైవరుకు చదువెందుకు?

వాస్తవం: రవాణా వాహనం నడపడానికి ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019 సెప్టెంబరులో ఎత్తేసింది. దాంతో చదువు అక్కర్లేదన్న మాట బలపడింది. లైసెన్సుకు అక్కర్లేదు, నిజమే. ఉద్యోగానికి మాత్రం కావాలి. పొరుగున తెలంగాణ ఆర్టీసీలో డ్రైవర్ల భర్తీకి 2025లో ఇచ్చిన ప్రకటన పదో తరగతి అడిగింది. ఓపెన్ పది విషయానికొస్తే, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం రాష్ట్ర ప్రభుత్వ సంస్థే, దాని సర్టిఫికెట్టు ప్రైవేటు ట్యుటోరియల్ ఇచ్చే కాగితం లాంటిది కాదు. పద్నాలుగేళ్లు నిండితే పదిలో చేరవచ్చు, పై వయసుకు హద్దు లేదు. తరగతులు సెలవు రోజుల్లోనే పెడతారు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలోనైతే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి. ఒక్కో విడతలో ఒకటి రెండు సబ్జెక్టులు రాసుకుంటూ పోవచ్చు. పూర్వం పాసైన సబ్జెక్టుల్లో రెండింటి దాకా మార్కులు బదిలీ చేయించుకోవచ్చు. ఆ పైన కావాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972 నుంచి దూరవిద్య నడుపుతోంది, ఇగ్నోకు ఊళ్లోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలో పూర్తిచేయవచ్చు. ఈ సంస్థలన్నీ పనిచేసుకునే మనిషిని దృష్టిలో పెట్టుకునే గడువులు పెట్టాయి.

అపోహ 5: చదువుకు పనికొచ్చే పని ఏ చదువుకైనా పనికొస్తుంది.

వాస్తవం: ఏ చదువుకు ఏ పని అన్నది విడివిడిగా చూడాలి. ఓపెన్ పదికి అతికినట్టు సరిపోయే బడి బస్సు ఐటీఐకి సరిపోదు. కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో చేరితే అది రోజూ వెళ్లాల్సిన చదువు. 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఎనిమిదో తరగతితో చేరగలిగే వెల్డర్ కోర్సు ఏడాదే. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ కోర్సులకు పది కావాలి, రెండేళ్లు పడుతుంది. ఇలాంటి చదువుకు సెలవు రోజుల్లో ఇతరుల కార్లకు యాక్టింగ్ డ్రైవరుగా వెళ్లడం మేలు. అరకుకో అన్నవరానికో సొంత కారులో వెళ్లేవారు వారాంతాల్లోనే డ్రైవరును వెతుక్కుంటారు. వారమంతా క్లాసులు, సెలవు రోజుల్లో స్టీరింగు. ఓపెన్ పదికి దీన్ని తిరగేసుకోవాలి, వారమంతా బండి, ఆదివారం క్లాసు.

వీటన్నిటికీ ఎదురయ్యే గట్టి అభ్యంతరం డబ్బు. లైన్ బండి మీద వచ్చినంత బడి బస్సు మీద రాదు, కొన్ని బళ్లు వేసవి సెలవుల జీతమూ ఇవ్వవు. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. అయితే పోలిక సరిగ్గా చేయాలి. ట్రిప్పుకు వచ్చిన మొత్తంలోంచి దారి తిండి, టీలు, చిల్లర ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని ఇల్లు వదిలిన రోజు నుంచి తిరిగొచ్చిన రోజు దాకా లెక్కపెట్టి భాగించాలి. అప్పుడు తేడా ట్రిప్పు డబ్బులో కనిపించినంత ఉండదు. వేసవి నష్టానికీ దారి ఉంది. ఓపెన్ పది పరీక్షలు మార్చి, ఏప్రిల్‌లో అయిపోతాయి. బడి మూసిన ఆ వారాల్లో ఒకటి రెండు లైన్ ట్రిప్పులు వేసుకుంటే చదువుకు వచ్చే నష్టమేమీ లేదు. అప్పు వాయిదాలు నెత్తిన ఉన్నవారు వెంటనే లైను వదలలేకపోవచ్చు. అలాంటివారు వాయిదాలు తీరేదాకా ఆగి అప్పుడు చేరితే మేలు. చేరిన రోజు నుంచే అయిదేళ్ల గడువు మొదలవుతుంది.

కాబట్టి కొత్త పనికి ఒప్పుకునేముందు జీతంతో పాటు ఇంకో మూడు ప్రశ్నలు వేయాలి. డ్యూటీ ఎన్నింటికి ముగుస్తుంది? ఆదివారం పిలుస్తారా? పరీక్షల వారంలో సెలవిస్తారా? ఈ మూడింటికీ సూటిగా జవాబిచ్చే యజమాని దొరికితే, జీతం నాలుగు రూపాయలు తక్కువైనా అక్కడే చేరాలి. ‘చూద్దాంలే’ అనేచోట జీతం ఎక్కువైనా, ఆ పని కూడా లైన్ బండే.