చీర తీసుకున్నాక డబ్బెప్పుడు?

అపోహ: చీర అమ్ముడయ్యాకే నేతన్నకు డబ్బివ్వడం వ్యాపారంలో మామూలే.

వాస్తవం: మామూలే, కానీ అన్యాయం. పోచంపల్లి పట్టుచీర షాపు అరలోకి చేరేలోపే నేసినవాళ్ల సొమ్మంతా అందులో ఇరుక్కుపోయి ఉంటుంది. పట్టు కొనాలి, ఆసు పోయాలి, చిటికి కట్టాలి, రంగులో ముంచాలి, విప్పి మళ్లీ కట్టాలి. ఆ తర్వాతే మగ్గం. ఇంటిల్లిపాదీ వారాల తరబడి చేసే పని ఇది. ‘అమ్మితే ఇస్తాం’ అని తీసుకున్న చీర నెలల తర్వాత మడతలు నలిగి, అంచు మాసి వెనక్కి వస్తే నష్టమంతా మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లదే. తర్వాతి పడుగుకు నూలు అప్పు తెచ్చుకుంటారు. అప్పిచ్చిన షావుకారుకే చీర ఇవ్వాలి, ఆయన చెప్పిందే ధర.

2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొన్న సరుకుకు 15 రోజుల్లో డబ్బు కట్టాలి. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. ‘అమ్మితే ఇస్తాం’ పద్ధతిలో అసలు కొనుగోలే జరగలేదని వాదించే వీలుంది. కాబట్టి షాపువారు కొన్నట్టే బిల్లు రాయాలి. నేతన్నకు చిన్న సంస్థగా గుర్తించే ఉద్యమ్ నమోదు లేకపోతే దగ్గరుండి చేయించాలి. సగం డబ్బు ముందే ఇవ్వగలిగితే నూలు అప్పు బెడద చాలావరకు తగ్గుతుంది.

అపోహ: జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది కదా, గిట్టుబాటు ధర దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఆ గుర్తింపు కాపాడేది పేరునే, ధరను కాదు. ఆ పేరునైనా షాపులే నిలబెట్టాలి. ఇక్కత్ ప్రింటు చీరను ‘పోచంపల్లి’ అని అమ్మితే అసలు చీర ఖరీదైనదిగా కనిపిస్తుంది, నేతన్న ధర దించక తప్పదు. చీర తిరగేసి చూపిస్తే చాలు. ఇక్కత్‌లో రంగు దారంలోనే ఉంటుంది, రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, పువ్వు అంచు కాస్త చెదిరినట్టుంటుంది. ప్రింటుకు వెనకవైపు చాలాసార్లు వెలవెలబోతుంది. ఈ తేడా కొనేవారికి చెప్పడం సేల్స్ సిబ్బందికి నేర్పాలి.

అపోహ: దళారిని తప్పిస్తే చాలు.

వాస్తవం: నూలు, డిజైను, పెట్టుబడి చాలాచోట్ల మాస్టర్ వీవరే ఇస్తారు. ఆయన్ను తప్పించిన షాపు ఆ బరువు మోయకపోతే మగ్గం ఆగిపోతుంది. ఆయన ద్వారానే కొనేటప్పుడు నేసినవారికి మజూరీ ఎంత ముట్టిందో అడగాలి, బిల్లులో రాయించాలి.

అపోహ: ఆషాఢం డిస్కౌంటు భారం అందరూ పంచుకోవాల్సిందే.

వాస్తవం: ధర ఒప్పుకుని ఆర్డరిచ్చాక నేతన్న వాటా తగ్గించడానికి కారణమే లేదు. తగ్గింపు షాపు లాభంలోంచే ఇవ్వాలి.