ఓదార్పు – పరమత గౌరవం

దుఃఖం మానవులందరికీ సమానమే. కాని దానిని భరించేందుకు వారు ఆశ్రయించే విశ్వాసాలు వేరు. ఆత్మ నిత్యమన్న నమ్మకంతో హిందువు, అంతా దైవనిర్ణయమన్న నమ్మకంతో ముస్లిము, పునరుత్థానంపై నమ్మకంతో క్రైస్తవుడు ఊరట పొందుతారు. పరామర్శకు వెళ్లినవారు అక్కడ తమ నమ్మకాన్ని బోధిస్తే అది ఓదార్పు కాదు, వాదమవుతుంది.

ఈ వివేకం తెలంగాణ పల్లెలకు పరిచితమే. క్రీ.శ. 680లో కర్బలాలో అమరుడైన ఇమాం హుసేనును స్మరించే పీర్ల పండుగలో, రాజన్న సిరిసిల్ల జిల్లాలోని గంభీరావుపేట పరిసరాలతో సహా తెలంగాణ గ్రామసీమలలో హిందువులు కూడా పాల్గొంటారు. పరుల శోకాన్ని పంచుకొనేందుకు మతం మారనక్కరలేదని ఈ ఆచారం చాటుతున్నది.

చావు జరిగిన ఇంట సామాన్యంగా పొయ్యి రాజేయరు. బంధువులు, ఇరుగుపొరుగువారు అన్నం వండి తెస్తారు. క్రీ.శ. 629లో ముతా యుద్ధంలో జాఫర్ మరణించినప్పుడు, ఆయన కుటుంబానికి భోజనం సిద్ధం చేయవలసిందిగా మహమ్మద్ ప్రవక్త చెప్పినట్లు ఇస్లాం సంప్రదాయం తెలుపుతున్నది. విశ్వాసాలు వేరైనా ఆచరణ ఒక్కటే. అయితే ఆ ఇంటివారి ఆహారనియమాలను తెలుసుకొని వండటం మర్యాద.

ఇతరుల నమ్మకం తనదైనట్లు నటించనక్కరలేదు. తన నమ్మకాన్ని వారిపై రుద్దరాదు. మాట తోచనప్పుడు పక్కన మౌనంగా కూర్చోవడం కూడా ఓదార్పే.