ఆ తొలి గంటలోనే అంతా!

రాత్రిపూట పాము కరిస్తే కొత్తగూడెం పట్టణంలో అయితే ఆస్పత్రి దగ్గరే. భద్రాచలం అడవుల్లోని గూడెం వాసికి అలా కాదు. దారిలో గడిచే ప్రతి నిమిషమూ విలువైనదే. ఆ నిమిషాల్ని కాపాడే విద్యే... అత్యవసర వైద్యం!

అమెరికాలో దీన్ని 1979లోనే ప్రత్యేక విభాగంగా గుర్తించారు. మన వైద్య మండలి గుర్తించింది 2009లో. అంతకు ముందే, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవలు మొదలయ్యాయి. అంబులెన్సులైతే వచ్చాయి. మరి అందులో ప్రాణం నిలిపేదెవరు? 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ అత్యవసర వైద్యులు ఈఎంఆర్‌ఐతో చేతులు కలిపారు. డాక్టర్ ఎస్.వి.మహదేవన్ బృందం పారామెడిక్‌ల కోసం రెండేళ్ల కోర్సుకు రూపమిచ్చింది.

ఆ శిక్షణ విలువ పాముకాటు వేళ తెలుస్తుంది. కట్లపాము కరిస్తే నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి అందదు. అప్పుడు శ్వాస అందిస్తూ, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి చేర్చాలి. గాటు పెట్టడం, తాడు బిగించడం, నాటుమందు కోసం తిరగడం... ఏవీ వద్దు. కాలో చెయ్యో కదలనీయకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి.

పాముకాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురవుతున్న వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాల్ని సగానికి తగ్గించాలని మన దేశమూ 2024లో ప్రణాళిక ప్రకటించింది.

కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ చదివే కుర్రాళ్లలో కొందరైనా ఈ విభాగాన్ని ఎంచుకుంటే... అడవి అంచు పల్లెలకు అంతకన్నా కావలసిందేముంది!