సంచార పశువైద్య వాహనాలలో రెండవ బ్యాటరీ : ప్రయాణంలో ఛార్జింగు జరిగే విధానం

నెల్లూరు (ప్రత్యేక వ్యాసం) : జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాలలో పశువు వైద్యుని వద్దకు రావడం కంటే వైద్యుడు పశువు వద్దకు వెళ్ళడమే సులభం. వెలిగొండల దిగువన మెట్ట పొలాలను, గొర్రెల మందలను, ఒకటి రెండు పాడి గేదెలను నమ్ముకొని జీవించే కుటుంబాలు ఇక్కడ అనేకం. లేవలేని స్థితిలో పడిపోయిన గేదెను మండల కేంద్రానికి తరలించడం సామాన్య రైతుకు శక్తికి మించిన పని. రాష్ట్రంలో 2022 మే 19న నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 సంచార పశువైద్య వాహనాలను, 2023 జనవరి 25న మరో 165 వాహనాలను ప్రభుత్వం ప్రారంభించడానికి కారణం ఇదే.

సూక్ష్మదర్శినితో కూడిన చిన్న ప్రయోగశాల, పశువును పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్టు ఈ వాహనాల ప్రత్యేకతలు. ఇటువంటి వాహనం గ్రామంలో నిలిచి ఉన్నపుడు దీపాలు, ఫ్యాను, పరికరాలు, టీకాలు ఉంచే శీతల పెట్టె పనిచేయాలంటే విద్యుత్తు కావాలి. ఆ భారమంతా ఇంజను బ్యాటరీపై వేస్తే సాయంత్రానికి బండి స్టార్టు కాదు. సభ ముగిసిన తరువాత ప్రచార వాహనాన్ని గ్రామస్తులందరూ కలిసి త్రోయవలసి వచ్చిన సందర్భాలు క్షేత్రస్థాయిలో పనిచేసిన పాత ఉద్యోగులకు గుర్తుండే ఉంటాయి. కావున వాహనం లోపలి అవసరాలకు రెండవ బ్యాటరీని వేరుగా అమర్చే పద్ధతి ఏర్పడినది. రెండవ బ్యాటరీ ఉన్నంత మాత్రాన సమస్య తీరినట్లేనని, బండి నడిస్తే అది తనంతట తానే నిండుతుందని చాలామంది భావిస్తుంటారు. ఈ భావన పూర్తిగా సరియైనది కాదు.

డ్రైవర్లు నేటికీ డైనమో అని వ్యవహరించే ఆల్టర్నేటరు, ఇంజను తిరిగే వేళ బెల్టు ద్వారా తిరుగుతూ విద్యుత్తును ఉత్పత్తి చేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి అది ఇచ్చే పీడనం సాధారణంగా 14 వోల్టులకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. రెండు బ్యాటరీల నడుమ ఒక రిలేను అమర్చుతారు. ఇంజను నడుస్తూ వోల్టేజి సుమారు 13.3 దాటినపుడు రిలే రెండింటినీ కలుపుతుంది. ఇంజను ఆగి వోల్టేజి 12.8 ప్రాంతానికి దిగినపుడు విడదీస్తుంది. దీనివలన లోపలి దీపాలు ఎంతసేపు వెలిగినా సెల్ఫ్ మోటారుకు కావలసిన శక్తి భద్రంగా ఉంటుంది. పూర్వం రిలేకు బదులు డయోడ్లు వాడేవారు. వాటిలో దాదాపు 0.7 వోల్టు వృథా అయినందున రెండవ బ్యాటరీ ఎన్నడూ పూర్తిగా నిండేది కాదు.

తీగ విషయంలో చేసే పొదుపు కూడా ఇదే ఫలితాన్నిస్తుంది. ముందున్న ఇంజను నుండి వెనుక పెట్టెకు 5 మీటర్ల దూరమనుకుంటే, పోను రాను 10 మీటర్ల రాగి తీగ అవసరం. 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో 30 ఆంపియర్లు ప్రవహిస్తే సుమారు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. ముందు 14.2 ఉన్నది వెనుకకు 13.3గా చేరుతుంది. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.33 వోల్టు మాత్రమే. ఈ తీగకు రెండు చివరలా బ్యాటరీలకు చేరువలో ఫ్యూజులు ఉండి తీరాలి. తీగకు రెండు వైపులా బ్యాటరీయే ఉన్నందున, మధ్యలో ఒరిపిడికి గురై బాడీకి తగిలితే ఏ వైపు నుండైనా నిప్పు పుట్టవచ్చును.

ఇక అసలు లెక్కకు వద్దాము. ఒక ఆంపియరు విద్యుత్తు ఒక గంటసేపు ప్రవహిస్తే దానిని ఒక ఆంపియర్-గంట అంటారు. ఉదాహరణకు వాహనంలో 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ ఉన్నదనుకుందాము. శీతల పెట్టె సగటున 2 ఆంపియర్ల చొప్పున 8 గంటలకు 16, దీపాలు, ఫ్యాను 4 ఆంపియర్ల చొప్పున 5 గంటలకు 20, ఇన్వర్టరు ద్వారా నడిచే పరికరాలు 6 ఆంపియర్ల చొప్పున 3 గంటలకు 18. వెరసి రోజుకు 54. చూపరులకు బరువుగా కనిపించే లిఫ్టు మాత్రం 150 ఆంపియర్ల చొప్పున ఒక నిమిషం పనిచేసినా రెండున్నర ఆంపియర్-గంటలే తీసుకుంటుంది. దానిని ఇంజను నడుస్తుండగా వాడితే చాలు. బ్యాటరీని హరించేది మూలన చప్పుడు లేకుండా పనిచేసే పెట్టె, ఫ్యానులే.

వాడిన 54ను తిరిగి నింపడానికి, ఛార్జింగులో జరిగే నష్టాన్ని కలుపుకొని, 60కి పైగా ఆంపియర్-గంటలు పంపవలసి ఉంటుంది. ప్రారంభంలో బ్యాటరీ 25 ఆంపియర్ల వరకు తీసుకున్నా, నిండేకొలదీ ఆ ప్రవాహం తగ్గిపోతుంది. చివరి అయిదవ వంతు నిండడానికే కొన్ని గంటలు పడుతుంది. ఆత్మకూరు నుండి సోమశిల పరిసరాలకు గాని, ఉదయగిరి నుండి సీతారామపురం వైపు గాని వెళ్ళి వచ్చే వాహనం రోజుకు రెండు గంటలు నడిచిందనుకున్నా, బ్యాటరీకి చేరేది 40కి మించదు. ఆ విధంగా ప్రతిదినం కొంత లోటు మిగులుతుంది. మూడు నాలుగు రోజులకు ఆ లోటు కూడుకొని, అయిదవ రోజు మధ్యాహ్నం శీతల పెట్టె ఆగిపోతుంది. వింతగా తోచినా, దూరపు గ్రామాలకంటే దగ్గర గ్రామాల పర్యటనలే బ్యాటరీకి భారము. పైగా సగానికి మించి ఖాళీ అయిన సీసపు బ్యాటరీని అదే స్థితిలో వదిలివేస్తే పలకలపై సల్ఫేటు గట్టిపడి సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది.

కొత్త వాహనాలలో మరొక చిక్కు ఉన్నది. భారత్ స్టేజ్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. ఆ తరువాత వచ్చిన పలు వాహనాలలో ఇంధనం ఆదా కొరకు ఆల్టర్నేటరును కంప్యూటరు నియంత్రిస్తున్నది. ఇంజను బ్యాటరీ నిండగానే వోల్టేజిని తగ్గించివేస్తుంది. అప్పుడు సాధారణ రిలే, ఇంజను ఆగినదని భ్రమించి, వెనుక బ్యాటరీ సగమైనా నిండకముందే విడిపోతుంది. ఇటువంటి వాహనాలకు రిలే స్థానంలో డీసీ-డీసీ ఛార్జరును అమర్చాలి. ముందు వోల్టేజి ఎంత ఉన్నా, అది వెనుక బ్యాటరీకి కావలసిన 14.2 నుండి 14.4 వోల్టులను తానే తయారు చేసి ఇస్తుంది. లిథియం బ్యాటరీ వాడదలచినవారికి ఇది మరింత అవసరం. లిథియం బ్యాటరీ ఆల్టర్నేటరు ఇవ్వగలిగినదంతా ఒక్కసారిగా లాగుతుంది. రోహిణి కార్తె ఎండలో బండిని నిలిపి ఇంజనును ఖాళీగా తిప్పితే, ఫ్యాను మందంగా తిరిగే ఆల్టర్నేటరు చల్లబడక మాడిపోయే అవకాశం ఉన్నది. ఛార్జరు ఆ ప్రవాహాన్ని 20 లేక 30 ఆంపియర్లకు పరిమితం చేస్తుంది. ఆల్టర్నేటరు కాలిపోతే విడిభాగం కొరకు ఉదయగిరి నుండి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని నెల్లూరుకు వెళ్ళక తప్పని పరిస్థితి రావచ్చును.

రోజువారీ లోటుకు సులభమైన పరిష్కారం వాహనం రాత్రి నిలిచే చోటనే ఉన్నది. గోడకు ఒక ప్లగ్గు, దానికి తగిన ఛార్జరు ఉంటే తెల్లవారేసరికి బ్యాటరీ నిండుతుంది. వాహనాల కొనుగోలుకు లక్షలు వెచ్చించిన చోట ఈ ప్లగ్గు విషయం అంచనాలలో మరుగున పడరాదు. వాహనం పైకప్పుపై సౌర ఫలకం అమర్చినా పగటి లోటు కొంత తీరుతుంది. సీసపు బ్యాటరీ ఛార్జింగు సమయంలో మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. కావున దానిని గాలి ఆడే పెట్టెలోనే ఉంచాలి. వేసవిలో డిస్టిల్డ్ వాటరును తరచుగా పరిశీలించాలి.

బ్యాటరీ స్థితి తెలుసుకోవడానికి నిపుణుడు అక్కరలేదు. ఉదయం ఇంజను స్టార్టు చేయకముందు, లోపలి స్విచ్చులన్నీ ఆపి, చిన్న మీటరుతో రెండవ బ్యాటరీ వోల్టేజిని చూస్తే చాలును. సీసపు బ్యాటరీలో 12.6 ఉంటే నిండినట్లు, 12.2 ఉంటే దాదాపు సగమున్నట్లు, 12కు దిగితే ఆ రోజు టీకాలను దాని భరోసాపై తీసుకువెళ్ళరాదని గ్రహించాలి. టీకాలకు 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనం అవసరం. ఆ హద్దు దాటి చెడిన టీకాకు, మంచి టీకాకు చూపులో తేడా కనిపించకపోవచ్చును. తన మందకు రక్షణ లభించినదని గొర్రెల కాపరి నిశ్చింతగా ఉంటాడు, వ్యాధి వచ్చిన నాడు నష్టపోతాడు. ఉదయపు వోల్టేజిని, పెట్టెలోని ఉష్ణోగ్రతను లాగ్ పుస్తకంలో కిలోమీటర్ల పక్కనే నమోదు చేస్తే, ఏ రోజు నుండి లోటు మొదలైనదో తనిఖీకి వచ్చిన అధికారికి, వివరాలు కోరిన విలేకరికి ఆ పుటలోనే తెలిసిపోతుంది.