‘ఉడాన్’ మరల చూచిన ఆదివారం

పూర్వం చదివిన గ్రంథాన్ని ఇరువదేండ్ల తరువాత మరల చదివితే అది క్రొత్త గ్రంథమై కనబడుతుందని పెద్దలు చెప్పగా వినియున్నాము. గ్రంథంలో అక్షరం మారదు. చదివేవారి వయస్సు మారుతుంది. ఈ మాట టెలివిజన్ నాటకానికి కూడ వర్తిస్తుందని, మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం షాలిబండలోని మా ఇంట్లో కూర్చుండి ‘ఉడాన్’ ధారావాహికను మరల చూచినప్పుడు నాకు తెలిసివచ్చినది.

నేను చూచినది డిస్కు మీద. ఆ డిస్కుకు ఒక చిన్న చరిత్ర ఉన్నది. 1989లో ఈ ధారావాహిక దూరదర్శన్‌లో మొదటిసారి వచ్చే రోజులలో మా అన్నయ్య చార్మినారు సమీపాన వీడియో కాసెట్లు అద్దెకిచ్చే దుకాణంలో పనిచేసేవాడు. యజమాని అనుమతితో వారంవారం దానిని కాసెట్ల మీదికి ఎక్కించేవాడు. కాలక్రమాన కాసెట్లకు బూజు పట్టింది. వాటిని ఆడించే యంత్రం పాడైపోయింది. అన్నయ్య వాటిని కోఠీలోని గుజరాతీ గల్లీకి తీసుకొనిపోయి డిస్కులుగా మార్పించి నాకొక ప్రతి ఇచ్చాడు. ఇప్పుడు డిస్కును ఆడించే యంత్రమే ఇండ్లలో అరుదైపోయినది. బొమ్మ మీద వాన కురిసినట్లు గీతలున్నవి. ధ్వని నూతిలో నుండి వచ్చినట్లున్నది. అయినను మనుష్యుల ముఖాలు స్పష్టంగా కనబడుతున్నవి. నాకు అంతే చాలును.

ఈనాటి యువపాఠకుల కొరకు కథను సంగ్రహంగా చెప్పవలసియున్నది. ‘ఉడాన్’ అనగా ఎగురుట. కల్యాణి అనే ఒక మధ్యతరగతి బాలిక, ఆడపిల్లకు అడుగడుగునా ఎదురయ్యే తిరస్కారాన్ని సహించి, చదివి, పరీక్షలలో నెగ్గి, ఐ.పి.ఎస్. అధికారిణి కావడం ఇందులోని ఇతివృత్తం. రచన, దర్శకత్వం, ప్రధాన పాత్రాభినయం ఈ మూడింటిని కవితా చౌదరి ఒక్కతే నిర్వహించినది. ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయంలో శిక్షణ పొందిన ఈమెను అంతకు పూర్వమే దేశమంతా ఎరుగును. బట్టలసబ్బు పొడి ప్రకటనలో బేరమాడి, ఆలోచించి కొనే ఇల్లాలు ‘లలితాజీ’ ఈమెయే. తండ్రిగా విక్రమ్ గోఖలే నటించారు. జిల్లా మేజిస్ట్రేటు పాత్రలో శేఖర్ కపూర్ కనబడతాడు.

ఈ కథ కల్పితం కాదు. కవిత అక్కగారు కాంచన్ చౌదరి భట్టాచార్య జీవితమే దీనికి ఆధారం. కాంచన్ 1973లో ఐ.పి.ఎస్.లో ప్రవేశించినది; అంతకు ముందటి ఏడాది చేరిన కిరణ్ బేడీ తరువాత ఆ ఉద్యోగంలోకి వచ్చిన రెండవ స్త్రీ ఆమెయే. 2004లో ఉత్తరాఖండ్ డైరెక్టర్ జనరల్ అయి, ఒక రాష్ట్రపు పోలీసు బలగానికంతటికి అధిపతి అయిన మొదటి భారతీయ స్త్రీగా పేరు పొందినది. 2007లో ఉద్యోగ విరమణ చేసి, 2019 ఆగస్టులో కన్నుమూసినది. చెల్లెలు కవిత 2024 ఫిబ్రవరిలో అమృత్‌సర్‌లో మరణించినది. తెర మీది కల్యాణి, ఆమెకు మూలమైన కల్యాణి, ఇద్దరును నేడు లేరు. డిస్కు మాత్రం తిరుగుతున్నది.

ఆ రోజులలో మేము దీనిని ఎట్లా చూచేవారమో చెప్పనిస్తే పాతనగరపు కాపురం కొంత తెలుస్తుంది. మా డాబాను ఆనుకొని ప్రక్కింటి ఖాలా వాళ్ళ డాబా ఉండేది. ఆమె మా అమ్మను ‘ఆపా’ అనేది. ఆమె మాకు ఖాలా. వాళ్ళింట్లో టెలివిజన్ లేదు. ‘ఉడాన్’ వచ్చే వేళకు ఆమె ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొని పిట్టగోడ దాటి మా ఇంటికి వచ్చేది. ధారావాహిక హిందీలో ఉన్నందున చార్మినారు ప్రాంతపు తెలుగువారికి గాని, ఉర్దూవారికి గాని దుబాసీ అవసరం కలుగలేదు. 1990 డిసెంబరులో పాతనగరం మతకలహాలతో మండిపోయి, వందమందికి పైగా ప్రాణాలు పోయి, దినాల తరబడి కర్ఫ్యూ ఉన్నప్పుడు దుకాణపు యంత్రం మా ఇంట్లోనే చిక్కుబడిపోయింది. వీధి తలుపులు మూసి, పిట్టగోడ త్రోవను తెరచి, ఆ రెండు కుటుంబాలు కల్యాణి కథను మొదటి నుండి మరల చూచినవి. బయట పోలీసు బూట్ల చప్పుడు. లోపల పోలీసు దుస్తులు ధరించిన ఒక ఆడపిల్ల. ఖాలా ఒకనాడు మెల్లగా, “ఇట్లాంటి పిల్ల మన ఠాణాలో ఉంటే నేను కూడ పోయి మాట్లాడుదును” అన్నది.

ఆ మాటలోని బరువు తెలియాలంటే హైదరాబాదు స్త్రీకి ఠాణా అంటే ఏమి జ్ఞప్తికి వచ్చేదో తెలియాలి. 1978 మార్చిలో నల్లకుంట ఠాణాలో రమీజాబీ అనే స్త్రీ మీద పోలీసులు అత్యాచారం చేశారని, ఆమె భర్త అహమద్ హుసేన్‌ను కొట్టి చంపారని వార్త ప్రాకి నగరమంతా అట్టుడికిపోయినది. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘం పోలీసులను తప్పుపట్టినది. అయినప్పటికి 1981లో రాయచూరు సెషన్సు కోర్టు వారిని నిర్దోషులని విడిచిపెట్టినది. మహారాష్ట్రలోని మథుర కేసుతో పాటు ఈ ఉదంతం దేశంలో లేపిన ఆందోళన ఫలితంగానే 1983లో నేరశాసనాన్ని సవరించి, పోలీసు నిర్బంధంలో జరిగే అత్యాచారాన్ని ప్రత్యేకమైన నేరంగా పరిగణించారు. శాసనం మారినది; భయం మారలేదు. నేను పెరిగిన ఇంట్లో ఆడవాళ్ళు ఠాణా గుమ్మం తొక్కరాదన్నది చెప్పనక్కరలేని కట్టుబాటు.

మగవాళ్ళకు మాత్రం ఏమి గౌరవం దక్కినది? 1985లో మా అమ్మ చేతి గాజుల జత ఇంట్లోనుండి పోయింది. మా నాన్నగారు పత్థర్‌గట్టీలో ఒక బట్టల కొట్టులో గుమాస్తా. ముత్యాల వంటి దస్తూరీ. జరిగినదంతా ఒక కాగితం మీద వ్రాసి, క్రింద సంతకం చేసి ఠాణాకు పోయారు. ఏ ఠాణా అన్నది ఇక్కడ అప్రస్తుతం. సాయంకాలం తిరిగి వచ్చి, చెప్పులు విడిచి, “తీసుకోలేదు” అన్నారు. “ఇంట్లోనే సరిగా వెదకుకోండి” అని పంపివేశారట. ఆ తరువాత ఆ సంగతి మా ఇంట్లో ఎవ్వరు ఎత్తలేదు.

1989లో పందొమ్మిదేండ్ల పిల్లగా ‘ఉడాన్’ చూచినప్పుడు నా కన్ను కల్యాణి దుస్తుల మీద నిలిచినది. ఆ టోపీ, ఆ నడుము పట్టీ, ఎదురుగా నిలిచిన మగవాళ్ళ సెల్యూట్ అవే నాకు నాటకమంతా. మరుసటి ఏడాది ‘కర్తవ్యం’ చిత్రం వచ్చినది. అందులో పోలీసు అధికారిణిగా నటించిన విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి బహుమానం లభించినది. తెలుగుదేశం ఈలలు వేసి ఆ వీరనారిని నెత్తిన పెట్టుకొన్నది. నేను కూడ వేసితిననే ఒప్పుకోవాలి. వెండితెరకు పోరాటం కావాలి గనుక ఆ చిత్రం పోరాటం ఇచ్చినది. ‘ఉడాన్’లో కల్యాణి కంఠం హెచ్చదు. అప్పట్లో అది నాకు చప్పగా తోచిన సందర్భాలు లేకపోలేదు.

ఇప్పుడు చూస్తే నా కన్ను దుస్తుల మీద నిలువలేదు. ఆ తండ్రి ముఖం మీద నిలిచినది. కాంచన్ ఐ.పి.ఎస్. కావలెనని నిశ్చయించుకొనడానికి కారణం ఆ ఇంట జరిగిన ఒక అవమానమే. ఆస్తి తగాదాలో తండ్రిని కొట్టారు. పోలీసులు ఫిర్యాదు నమోదు చేయలేదు. ఒక కాగితాన్ని ఎవరో తీసుకొననందున ఒక కూతురు ఆ కాగితం తీసుకొనే కుర్చీలో కూర్చుండవలెనని సంకల్పించినది. ఈ నాటకపు బీజం తుపాకిలో లేదు. మేజాకు అవతల మిగిలిపోయిన అర్జీలో ఉన్నది. ముప్పదియైదేండ్ల క్రిందట మా ఇంట్లో ఈ సంగతి ఒక్కరికే తెలిసియుండవచ్చు. కల్యాణి తండ్రి తెర మీదికి వచ్చినప్పుడెల్లా మా నాన్నగారు ప్రక్కకు తిరిగి వక్కపొడి వెదకుకొనేవారు. అది అలవాటని అనుకొన్నాము.

తెలుగు ఉపాధ్యాయిని గనుక ఒక మాట. మన ‘ఫిర్యాదు’ పారసీ నుండి ఉర్దూ ద్వారా వచ్చినది. మూలభాషలో ‘ఫర్యాద్’ అంటే ఆక్రోశం, రక్షించుమని పెట్టే కేక. మన భాషలో మొర అనవచ్చును. మొర ఆలకించడం దయ కాదు, ధర్మం. శాసనం సైతం అట్లాగే చెప్పినది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 154వ సెక్షను ప్రకారం, పోలీసులు స్వయంగా దర్యాప్తు చేయదగిన నేరాన్ని గురించి ఎవరైనా తెలిపితే దానిని వ్రాసుకొని, తెలిపినవారికి ఒక ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. తిరస్కరిస్తే ఆ సమాచారాన్ని వ్రాసి పై అధికారికి టపాలో పంపే హక్కు అదే సెక్షనులో ఉండేది. ఇంత చక్కని దస్తూరీ గల మా నాన్నగారికి ఆ సంగతి తెలియదు. తెలిసియుంటే ఒక తపాలా బిళ్ళ ఖర్చుతో ఆ అర్జీ పైకి పోయి ఉండేది.

2013 నవంబరులో లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, అట్టి నేరసమాచారం అందినప్పుడు నమోదు తప్పనిసరి అని తీర్పు చెప్పినది. 2024 జులై 1 నుండి పాత కోడు స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షనులో, నేరం ఏ ఠాణా సరిహద్దులో జరిగినను ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చునన్నది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి, మూడు దినాలలో సంతకం చేయవచ్చునన్నది. టపాలో పై అధికారికి పంపే హక్కు ఇందులోను నిలిచియున్నది. మూడు నుండి ఏడేండ్ల లోపు శిక్ష గల నేరాలకు మాత్రం, పై అధికారి అనుమతితో పదునాలుగు దినాలలో ప్రాథమిక విచారణ జరుపవచ్చునని ఒక వెసులుబాటు చేర్చారు. వెసులుబాటు ఉన్నచోట తిప్పి పంపే అలవాటు దూరకుండ చూడడం కుర్చీలో కూర్చున్న మనిషి పని.

ఆ కుర్చీలో స్త్రీ కూర్చునే దినాలు ఈ నగరానికి ఆలస్యంగానే వచ్చినవి. ఐ.పి.ఎస్. వారికి శిక్షణ ఇచ్చే జాతీయ పోలీసు అకాడమీ 1975లోనే మౌంట్ ఆబూ నుండి హైదరాబాదుకు తరలి, చార్మినారుకు కొద్ది మైళ్ళ దూరాన శివరాంపల్లిలో స్థిరపడినది. దేశానికి అధికారిణులను తయారుచేసి పంపే ఈ ఊరిలో, శాంతిభద్రతల ఠాణా ఒకదానికి స్త్రీ ఇన్‌స్పెక్టరు అధిపతి కావడానికి 2022 మార్చి దాకా ఆగవలసి వచ్చినది. అది లాలాగూడ ఠాణా. 2014 అక్టోబరులో ఏర్పడిన షీ టీములు చార్మినారు వద్ద గాజుల కొరకు వచ్చే ఆడపిల్లలకు సైతం పరిచితమైనవి. ఖాలా కోరిన రోజు కొంతవరకు వచ్చినదనవచ్చు. చూడడానికి ఆమె లేదు.

ఆ ఆదివారం నాతో కూడ డిస్కు చూచినది మా కళాశాలలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి. సబ్ ఇన్‌స్పెక్టరు పరీక్షకు సిద్ధమవుతూ, తెలుగు వ్యాసాలు దిద్దించుకొనడానికి వస్తూ ఉంటుంది. రెండు భాగాలు చూచిన మీదట, “ఈమె ఇంత మెల్లగా మాట్లాడుతున్నదేమి మేడమ్? పోలీసు కదా!” అన్నది. జవాబుగా మా నాన్నగారి సంగతి చెప్పినాను. ఆయన గతించిన తరువాత ఆయన ‘శబ్దరత్నాకరం’ నిఘంటువు నాకు వచ్చినది. ఆ అర్జీ అందులోనే మడిచి ఉన్నది. ఎన్నోమారులు చూచినదే గనుక నాకు కంఠస్థం. తీసి ఆమె చేతికి ఇచ్చినాను.

ఆమె నావలె దస్తూరీని మెచ్చుకొనలేదు. కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి పైనుండి క్రిందికి చదివినది. తరువాత కుడిప్రక్క మూలను వ్రేలితో చూపి, “ఇక్కడ మూడు తారీఖులున్నవి మేడమ్. రెండు కొట్టివేసి మూడవది వ్రాసినారు. తాతగారు మూడుసార్లు పోయినట్లున్నారు” అన్నది.

నేను కండ్లద్దాలు సవరించుకొని చూచినాను. సన్నని గీతలు. మొదటి దానికి, చివరిదానికి మధ్య పదకొండు దినాలు. మాతో ఒకమారు పోయినట్లే చెప్పిన మనిషి, మిగిలిన రెండుమారులు కొట్టుకు పోతున్నానని చెప్పి అటు పోయియుంటారు. నలుబదేండ్లుగా ఆ కాగితం నేను చదివినది భాష కొరకు. దానిని ఫిర్యాదుగా మొదటిసారి చదివినది ఆ అమ్మాయి.

ఆమె వెళ్ళేటప్పుడు మిగిలిన భాగాలు చూచి తెస్తానని డిస్కు అడిగినది, ఇచ్చినాను. వాళ్ళింట్లో ఆడించే యంత్రం ఉన్నదో లేదో అడుగుట మరచినాను. అర్జీని మాత్రం మరల నిఘంటువులో పెట్టుకొన్నాను.