అమెరికా ‘డోనర్ అడ్వైజ్డ్ ఫండ్’లోని డబ్బు ఉప్పల్, నాచారం పిల్లలకు చేరుతుందా?

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ కాలనీల్లో అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఉన్న ఇళ్లు చాలానే. అలాంటి ఒక ఇంట్లో ఫోన్ మోగిందనుకుందాం.

‘‘అమ్మా, మన వీధి చివర బడి మానేసిన పిల్లలకు పాఠాలు చెప్పే సంస్థ ఉంది కదా. వాళ్లకు ఏటా రెండు లక్షలు ఇద్దామనుకుంటున్నా. కంపెనీ షేర్లు ఇక్కడో ఫండ్‌లో వేశాను, అందులోంచి పంపిస్తా’’ అన్నాడు కొడుకు. అమ్మ సంబరంగా వెళ్లి చెప్పింది. సంస్థ నడిపే మేడమ్ మాత్రం, ‘‘ఆ డబ్బు మేం తీసుకోకూడదండీ’’ అన్నారు.

ఇది ఊహించిన సంభాషణే. కానీ ఆమె చెప్పింది మాత్రం చట్టంలో ఉన్న మాటే.

ఏమిటీ ఫండ్?

దీన్ని ఒక దానఖాతా అనుకోండి. దాత నగదు గానీ, ధర పెరిగిన షేర్లు గానీ అమెరికాలో గుర్తింపు పొందిన ఒక దాతృత్వ సంస్థ దగ్గర జమచేస్తారు. పన్ను మినహాయింపు ఆ ఏడాదే వస్తుంది. షేర్లయితే పెరిగిన విలువ మీద కట్టాల్సిన క్యాపిటల్ గెయిన్స్ పన్ను కూడా తప్పుతుంది. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది తర్వాత తీరిగ్గా సూచించవచ్చు. న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్ట్ 1931లోనే ఇలాంటిది మొదలుపెట్టింది. ఫిడెలిటీ చారిటబుల్ 1991లో వచ్చింది. 2023 నాటికి అమెరికాలో ఈ ఖాతాల్లోని మొత్తం 25,000 కోట్ల డాలర్లు దాటింది.

మెలిక అంతా ‘అడ్వైజ్డ్’ అన్న మాటలోనే ఉంది. దాత ఇచ్చేది సలహా మాత్రమే. జమచేసిన క్షణం నుంచి ఆ డబ్బు చట్టప్రకారం నిర్వహణ సంస్థది. వెనక్కి తీసుకోవడం కుదరదు. వ్యక్తులకు పంపడమూ కుదరదు కాబట్టి, ‘అమ్మ ఖాతాలో వేసి అమ్మ చేత ఇప్పిద్దాం’ అన్న ఉపాయం పనిచేయదు. పైగా ఎన్నేళ్లలోగా పంచాలన్న గడువు కూడా అమెరికా చట్టంలో లేదు. ప్రైవేటు ఫౌండేషన్లకు ఏటా 5 శాతం ఖర్చుచేయాలన్న నియమం ఉంది, వీటికి లేదు. పన్ను రాయితీ ఇవాళ, పిల్లలకు సాయం ఎప్పుడో అన్న విమర్శ అక్కడ కూడా గట్టిగానే ఉంది.

అదే డబ్బు, రెండు పేర్లు

మన దేశంలో ఒక సంస్థ విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ చట్టం కింద కేంద్ర హోంశాఖ దగ్గర రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి. లేకుండా తీసుకుంటే ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు కనీసం మూడేళ్లు నిండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు పనుల మీద రూ. 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. వీధి చివర రెండు గదుల్లో నడిచే సంస్థకు ఇది చిన్న మొత్తం కాదు.

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు వివరాలు తీసుకుని సంస్థ దాన్ని మామూలు ఖాతాలోనే జమ చేసుకోవచ్చు. ఆ అబ్బాయే అదే డబ్బును ముందు ఫండ్‌లో వేస్తే, అది అమెరికా సంస్థ సొమ్ము అవుతుంది. అక్కడి నుంచి వచ్చే ప్రతి రూపాయీ విదేశీ విరాళమే. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారికైతే ఈ తేడా కూడా లేదు. ఓసీఐ కార్డు ఉన్నా, సొంత పొదుపులోంచి ఇచ్చినా విదేశీ విరాళమే.

పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంస్థకు ఇవ్వొచ్చు కదా? ఒకప్పుడు ఆ దారి ఉండేది. 2020 సవరణ దాన్ని మూసేసింది. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు, స్వయంగా ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాకే రావాలి. పాలనా ఖర్చులు 20 శాతం మించకూడదు. నిధులు చేతులు మారుతూ జాడ తెలియకుండా పోతున్నాయన్నది ప్రభుత్వ వాదన. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను ప్రధానంగా సమర్థించింది. ఆ వాదనను కొట్టిపారేయలేం. కానీ దెబ్బ ఎక్కువగా పడింది పెద్ద కార్యాలయాలున్న సంస్థల మీద కాదు, బస్తీలో పనిచేసే చిన్నవాటి మీద.

మరి ఆ కొడుకు ఏం చేయాలి?

షేర్లు ఇంకా ఫండ్‌లో వేయకపోతే, ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే, నేరుగా సొంత ఖాతా నుంచి పంపడమే సులువు. అమెరికాలో పన్ను మినహాయింపు రాదు, అంతే. ఇక్కడ అద్దె ఆదాయం లాంటిదేదైనా ఉండి పాత పన్ను విధానంలో రిటర్ను వేస్తుంటే 80జి మినహాయింపు అడగొచ్చు.

ఇప్పటికే వేసేసి ఉంటే, ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉండి ఈ ప్రాంతంలో స్వయంగా పనిచేసే సంస్థను వెతకాలి. హోంశాఖ ఎఫ్‌సీఆర్ఏ పోర్టల్‌లో జిల్లాలవారీగా చూడొచ్చు. ఉప్పల్ 2016 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. సంస్థ రిజిస్టర్డ్ ఆఫీసు సికింద్రాబాద్‌లో ఉంటే హైదరాబాద్ జిల్లా జాబితాలో కనిపిస్తుంది, కాబట్టి రెండూ చూడండి. ఫండ్ నిర్వాహకులు సాధారణంగా నేరుగా పంపరు. గివ్‌2ఏషియా, క్యాఫ్ అమెరికా లాంటి మధ్యవర్తి సంస్థల ద్వారానో, క్రై అమెరికా లాంటి అక్కడి సంస్థకో ఇస్తారు. దారిలో కొంత రుసుము పోతుంది. ఎంతో ముందే అడగండి.

ఇక్కడే ఉండి ఇచ్చేవారికి

మన ఆదాయపు పన్ను చట్టంలో డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ అంటూ ప్రత్యేక ఏర్పాటు లేదు. ఆ పేరుతో ఎవరైనా ఖాతా తెరవమంటే, మీరు ఇస్తున్నది ఆ ట్రస్టుకు విరాళమేనని గుర్తుంచుకోండి.

కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు 80జి వర్తించదు. పాత విధానంలో ఉంటే చాలా సంస్థలకు ఇచ్చినదాంట్లో సగం, పరిమితికి లోబడి, మినహాయింపు వస్తుంది. నగదు రూ. 2,000 దాటితే రాదు. యూపీఐ అయితే ఫరవాలేదు. పుట్టినరోజుకు ఇచ్చే బియ్యం బస్తాలకు, భోజనాలకు కూడా రాదు. రసీదు ఒక్కటే చాలదు, సంస్థ ఆదాయపు పన్ను శాఖకు వివరాలిచ్చి మీకు ఫారం 10బీఈ ఇవ్వాలి.

ఆ పుట్టినరోజు భోజనం గురించే ఇంకో మాట. పిల్లలకు ఒక పూట అన్నం పెట్టడం వేరు, వాళ్ల హక్కు కోసం పనిచేయడం వేరు. శాంతా సిన్హా ఆధ్వర్యంలో ఎం.వి. ఫౌండేషన్ 1991లో, అప్పటికి ఉప్పల్ కూడా భాగమైన రంగారెడ్డి జిల్లాలో, పనిలో ఉన్న పిల్లల్ని బడికి మళ్లించే పని మొదలుపెట్టింది. పనికి పోయే పిల్లలకు రాత్రిబడి పెట్టి ఊరుకోలేదు. బ్రిడ్జి కోర్సు క్యాంపుల్లో చదివించి రెగ్యులర్ బడిలో చేర్చింది. ఇలాంటి పనిలో ఖర్చు ఎక్కువగా జీతాలకే పోతుంది. ఇంటింటికీ తిరిగేది మనుషులే కదా. ‘జీతాలకు ఇవ్వం, పుస్తకాలకే ఇస్తాం’ అనే దాతలు ఈ సంగతి ఆలోచించాలి.

పిల్లల్ని ఉంచుకునే హోమ్ అయితే డబ్బిచ్చే ముందు జువెనైల్ జస్టిస్ చట్టం-2015 కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. అది లేకుండా హోమ్ నడపడం నేరం. అడిగితే చిరాకుపడే చోట డబ్బు ఇవ్వకండి. పిల్లల పరిస్థితి మీద అనుమానం వస్తే 1098కి ఫోన్ చేయండి.