ఒక్క సాయంత్రం – ఏ సంగీత నాటకం?

గత వేసవిలో లండన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. నా తిరుగు ప్రయాణానికి ముందు ఆమెకు ఒక్క సాయంత్రం తీరిక దొరికింది. "నాన్నా, ఇక్కడిదాకా వచ్చి ఒక మ్యూజికల్ చూడకుండా వెళ్తావా? ఏది చూద్దాం?" అంటూ కాగితం మీద మూడు పేర్లు రాసింది: 'ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా', 'హామిల్టన్', 'లే మిజరబ్ల్'. నేను క్షణం ఆలోచించకుండా మూడోదాని మీద వేలు పెట్టాను. ఆమె నవ్వింది. "పేదవాళ్ళ కథ అయితే చాలు నీకు. నాటకం ఎలా ఉంటుందో అడగవు" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నా ఒక్కడికే కాదు, మన విమర్శకంతటికీ తగలవలసిన మాట అది. వస్తువు అభ్యుదయకరమా కాదా అని తేల్చుకుని, అక్కడికక్కడే తీర్పు చెప్పేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఒక సాయంత్రం, ఒక టిక్కెట్టు – ఇంత చిన్న ఎంపికలోనే ఆ అలవాటులోని బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి.

ముందు మ్యూజికల్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. మన పద్యనాటకంతో పోల్చుకుంటే తేడా సులువుగా తెలుస్తుంది. పద్యనాటకంలో నటుడు పద్యం ఎత్తుకోగానే కథ ఆగుతుంది, రాగం సాగుతుంది. జనం "వన్స్ మోర్" అంటే కృష్ణుడు రాయబారం మధ్యలో అదే పద్యం మళ్ళీ పాడతాడు. కథ అందరికీ తెలిసిందే కనుక ఎవరికీ తొందర లేదు. మ్యూజికల్‌లో పాటకు పని ఉంటుంది. అమెరికాలో 1927లో వచ్చిన 'షో బోట్', 1943లో వచ్చిన 'ఓక్లహోమా!' ఈ పద్ధతికి దారి వేశాయి. మాటల్లో ఇమడని చోట పాత్ర పాటలోకి వెళ్తుంది. పాట ముగిసేసరికి ఆ పాత్ర మొదలైన చోట ఉండదు. ఒక నిర్ణయమో, ఒక ఓటమో, ఒక తిరుగుబాటో ఆ పాటలోనే జరిగిపోతుంది. కనుక మ్యూజికల్‌ను అంచనా వెయ్యటమంటే పాట ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అని చూడటమే.

ఈ కొలత పట్టుకుని మూడు పేర్లూ చూద్దాం.

'ఫాంటమ్' 1986లో లండన్‌లో మొదలైంది. గాస్తన్ లెరూ నవల దానికి ఆధారం. సంగీతం ఆండ్రూ లాయిడ్ వెబర్‌ది, దర్శకత్వం హెరాల్డ్ ప్రిన్స్‌ది. పారిస్ ఓపెరా భవనం అడుగున దాక్కున్న వికృతముఖుడొకడు ఒక గాయనిని ప్రేమించిన కథ. పెద్ద దీపాల గుత్తి ప్రేక్షకుల తలల మీదుగా వచ్చి రంగస్థలం మీద పడటం అందులో పేరుపొందిన దృశ్యం. న్యూయార్క్‌లో 1988 నుంచి 2023 ఏప్రిల్ దాకా 13,981 ప్రదర్శనలు జరిగాయి. దీన్ని ఒట్టి ఆర్భాటమని కొట్టెయ్యటానికి నేను తొందరపడను. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం వారు 'మాయాబజారు'లో చేసే ట్రిక్కులకు నోళ్ళు తెరిచిన వాళ్ళమే మనమూను. అద్భుతం తప్పు కాదు. అయితే ఆ ఓపెరా భవనంలో తెరలు లాగే పనివాడొకడున్నాడు. ముఖ్యంగా చంపబడటానికే అతడు కథలో ఉన్నాడు. ఆ భవనాన్ని నడిపే చేతులకు అక్కడ చెప్పుకోదగ్గ పాట లేదు.

'హామిల్టన్' చిక్కు వేరు. లిన్-మాన్యుయెల్ మిరాండా రచించి, సంగీతం కూర్చిన ఈ నాటకం 2015లో న్యూయార్క్‌లో, 2017లో లండన్‌లో రంగమెక్కింది. అమెరికా తొలి ఖజానా మంత్రి జీవితం అందులో కథ. నల్లజాతి వీధుల్లో పుట్టిన ర్యాప్ అందులో సంభాషణ. వాషింగ్టన్, జెఫర్సన్ వేషాలు నల్లజాతి నటులూ, లాటిన్ అమెరికా మూలాలున్న నటులూ వేస్తారు. రూపంలో ఇది పెద్ద సాహసం. కాని బానిసల యజమానులను కథానాయకులను చేసి బానిసలను మరుగుపరిచిందని నల్లజాతి రచయిత ఇష్మాయెల్ రీడ్ 2019లో ఏకంగా ఒక నాటకమే రాసి విమర్శించాడు. శిల్పం ముందుకు నడిస్తే వస్తువు వెనకబడటం ఇక్కడ చూస్తాం.

ఇక 'లే మిజరబ్ల్'. విక్టర్ హ్యూగో నవల 1862 నాటిది. 1950లో వచ్చిన 'బీదల పాట్లు' సినిమా ద్వారా ఆ కథ తెలుగువాళ్ళకు ఏనాడో పరిచయమైంది. రొట్టె దొంగిలించిన నేరానికి మొదలై పంతొమ్మిదేళ్ళు సాగిన జైలు శిక్ష అందులోనిదే. అలాన్ బూబ్లిల్, క్లాడ్-మిషెల్ షోన్‌బెర్గ్‌ల సంగీత నాటకం మొదట 1980లో పారిస్‌లో ఆడింది. 1985 అక్టోబరులో లండన్‌లో దీన్ని రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ఒక వ్యాపార నిర్మాతతో కలిసి ప్రదర్శించింది. ప్రభుత్వ సహాయంతో నడిచే సంస్థ అది. పత్రికల విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. జనం మాత్రం టిక్కెట్లకు ఎగబడ్డారు.

మాకు దొరికినవి పై బాల్కనీలో చవక సీట్లు. ఆ నాటకశాల 1907లో కట్టినది. ఆ కాలపు నాటకశాలల్లో పై అంతస్తు వాళ్ళకు వేరే గుమ్మం, వేరే మెట్లు ఉండటం మామూలు. డబ్బున్న వాళ్ళకు లేనివాళ్ళ భుజం తగలకూడదు కదా! ఆ సంగతి తలచుకుంటూనే ఆయాసపడుతూ మెట్లెక్కాను.

ఫాక్టరీ నుంచి గెంటివేయబడి, ఒళ్ళమ్ముకుని, చచ్చిపోయే ఫాంటీన్‌కు మరణశయ్య మీద ఒక బాణీ ఇచ్చారు. రెండో అంకంలో వీధి పిల్ల ఎపొనీన్ ఒంటరిగా పాడేది అదే బాణీ. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు. ఇద్దరి గతీ ఒకటేనని మాటలు చెప్పవు, బాణీ చెబుతుంది. క్షమ పొందిన ఖైదీ వాల్జాన్ తన జీవితం మార్చుకునేటప్పుడు పాడిన సంగీతమే, క్షమ పొందిన పోలీసు జావేర్ నదిలో దూకేముందు మళ్ళీ వినిపిస్తుంది. ఒకే సంగీతంలో ఒకడు మారతాడు, ఒకడు మారలేక చస్తాడు. వస్తువును మాత్రమే చూసి టిక్కెట్టు కొన్న నాకు, శిల్పమే వస్తువును మోస్తున్నదని అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అతిథుల జేబులు కొట్టే తెనార్దియే అనే సత్రం యజమాని హాస్యగీతానికి హాలు మారుమోగింది. నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టాక, ఎందుకు కొట్టానా అనుకున్నాను. పసిపిల్లతో వెట్టి చేయించుకునే దోపిడీదారు అతడు. దోపిడీని నవ్వుగా మార్చే శక్తి కూడా పాటకు ఉంది. వస్తువు మంచిదైనంత మాత్రాన మనం జాగ్రత్త వదిలెయ్యకూడదని ఆ చప్పట్లు నాకు నేర్పాయి.

బారికేడ్ దృశ్యాన్ని 1789 ఫ్రెంచి విప్లవంగా చాలామంది పొరబడతారు. అది 1832 జూన్‌లో రెండు రోజుల్లో అణచివేయబడ్డ తిరుగుబాటు. చివర్లో చనిపోయినవారంతా తిరిగివచ్చి బృందగానం చేస్తారు. విజయాన్ని మరణం అవతలికి నెట్టేశారే అని నా అసంతృప్తి. అయినా ఆ బారికేడ్ పాట 2014లోనూ, 2019లోనూ హాంకాంగ్ వీధుల్లో ఉద్యమకారుల నోట వినిపించింది. ఖరీదైన హాలులో పుట్టిన పాట టిక్కెట్టు లేని చోటికి వెళ్ళింది.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటుంది. 1937 జూన్‌లో న్యూయార్క్‌లో, మార్క్ బ్లిట్జ్‌స్టైన్ రాసిన 'ది క్రేడిల్ విల్ రాక్' ప్రదర్శనకు ముందు ప్రభుత్వం హాలుకు తాళం వేయించింది. ఉక్కు కార్మికుల యూనియన్ అందులో కథ, ఆర్సన్ వెల్స్ దర్శకుడు. నటులూ ప్రేక్షకులూ మరో హాలుకు కదిలారు. రంగస్థలం ఎక్కే అనుమతి లేదు కనుక నటులు ప్రేక్షకుల మధ్య సీట్లలోంచే లేచి పాడారు. వేదిక మీద ఉన్నది ఒక పియానో, దాని ముందు రచయిత. ముగ్గురు మనుషులతో ఊరినంతా కూర్చోబెట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథ ఎరిగిన మనకు ఇందులో ఆశ్చర్యం లేదు.

కనుక నగరానికి వెళ్ళే విద్యార్థి మిత్రులు టిక్కెట్టు కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే మంచిది. కథ ఎవరిది? పాట ఎవరిది? ఆ పాట హాలు దాటి వస్తుందా? మొదటి ప్రశ్న ఒక్కటే వేసుకుని వెళ్ళినవాణ్ణి నేను. మిగతా రెండూ మెట్లు దిగుతున్నప్పుడు తట్టాయి.

"ఎలా ఉంది నాన్నా?" అని అడిగింది అమ్మాయి. "నువ్వన్నది నిజమే. అడగవలసింది" అన్నాను. మళ్ళీ వస్తే ఫాంటమ్ చూద్దామంది. చూస్తాను. తెరలు లాగే ఆ పనివాడి కోసమైనా చూస్తాను.